డోలీ దిగాక ఏం జరుగుతోందో కూడా అడగండి

సంపాదకుల గారికి,

నమస్కారం. వానాకాలం మొదలైందంటే మీ జిల్లా పేజీలో డోలీ ఫొటో తప్పదు. పాడేరు అవతల ఏదో ఊరి నుంచి, కర్రకు దుప్పటి కట్టి, నిండు గర్భిణిని ఇద్దరు మోసుకొస్తుంటారు, కింద "ఇంకెన్నాళ్లీ కష్టాలు" అని నాలుగు లైన్లు. వెయ్యండి, వెయ్యకపోతే ఆ ఊరికి రోడ్డు రాదు. నా చిరాకల్లా ఏమిటంటే, ఆ మనిషి డోలీ దిగి, 108 ఎక్కి, ఘాట్ దిగి, విశాఖలో ఏ లేబర్ రూం గుమ్మమో దాటగానే మీ విలేకరి పని అయిపోతుంది. అక్కడి నుంచి మొదలయ్యే సంగతి మీ పేపర్లోనే కాదు, ఏ పేపర్లోనూ రాదు. లోపల ఆమెకు చేసేవాటిలో నిజంగా పనికొస్తాయని తేలినవి ఎన్ని, "మొదట్నుంచీ ఇలాగే చేస్తున్నాం" కాబట్టి చేసేవి ఎన్ని, ఈ ప్రశ్న ఎవరైనా అడగ్గా నేనైతే వినలేదు.

నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో సగం పైన లేబర్ రూముల్లోనే గడిచింది. ఏ ఆసుపత్రి అన్నది రాయను, ఒక్కచోటే చెయ్యలేదు కాబట్టి, పైగా చేసిన చోటల్లా ఒకటే తంతు కాబట్టి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కన మన రాష్ట్రంలో నూటికి 96 పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. అంటే ఇంట్లో పురుడు పోసుకోవద్దమ్మా, ఆసుపత్రికి రండి అని ఆశా వర్కర్లు, ఏఎన్ఎంలు ఇల్లిల్లూ తిరిగి చెప్పిన పని చాలావరకు అయింది. వాళ్లు వచ్చేశారు. వచ్చినవాళ్లకు మనం ఏం చేస్తున్నామన్నదే మిగిలింది.

ఒక్క ముచ్చట వివరంగా చెప్తాను. బిడ్డ బయటికొచ్చింది, మాయ పడింది. తల్లికి ఎంత రక్తం పోయిందో కేస్ షీట్లో రాయాలి. ఎలా రాస్తారనుకుంటున్నారు? కంటితో చూసి. టేబుల్ కింద బకెట్లో కొంత ఉంటుంది, ప్యాడ్లలో కొంత, కింద పరిచే రబ్బరు షీటు మీంచి కారి నేల మీద పడింది కొంత, అందులో ఉమ్మనీరు ఎంతో ఎవరికీ తెలీదు. సిస్టర్ ఒకసారి అటు చూసి "రెండొందలు" అంటుంది, హౌస్ సర్జన్ రాసేస్తాడు, ఆ రాత్రి జరిగిన కాన్పులన్నిటికీ దాదాపు అదే అంకె పడుతుంది. ఐదొందల ఎం.ఎల్. దాటితే ఎక్కువ పోయినట్టు లెక్క, కాబట్టి ఐదొందలని రాయడానికి చెయ్యి రాదు, రాస్తే డాక్టరు మేడమ్‌ని లేపాలి, బ్లడ్ బ్యాంకుకి మనిషిని తోలాలి, ఇంకో నలుగురు నొప్పులతో పక్క బెడ్ల మీద ఉంటారు. ఎవరూ బద్ధకంతో చేసేది కాదిది, చేతులు చాలక చేసేది. కానీ తల్లి కళ్లు తేలేసేదాకా విషయం తెలియకపోవడం మాత్రం దీనివల్లే.

దీని మీదే ఆఫ్రికాలో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో ఒక పెద్ద పరిశోధన చేశారు, ఈ-మోటివ్ అని, 2023లో ఫలితాలు వచ్చాయి. కాన్పు కాగానే తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచారు, రక్తం అందులోకే దిగుతుంది, గీత చూస్తే ఎంత పోయిందో తెలిసిపోతుంది. ఎక్కువైందని తేలగానే గర్భసంచి మర్దన, గర్భసంచి బిగిసేలా చేసే ఆక్సిటోసిన్, రక్తం గడ్డ కరిగిపోకుండా ఆపే ట్రానెగ్జామిక్ యాసిడ్, సెలైన్, లోపలి పరీక్ష, ఇవన్నీ ఒకటి పని చేస్తుందో లేదో చూసి ఇంకొకటి కాకుండా వెంటవెంటనే చేసెయ్యాలి. అంతే. ఇందులో కొత్త మందు ఒక్కటీ లేదు, అన్నీ మన ట్రేలో ఉండేవే. (ఆక్సిటోసిన్‌ని చల్లగా ఫ్రిజ్‌లో పెట్టాలి, మన వార్డు ఫ్రిజ్‌లో టిఫిన్ బాక్సులకీ దానికీ చోటు కోసం రోజూ పోటీ, అది వేరే ఉత్తరం.) ఫలితం చూడండి: మామూలుగా చూసిన ఆసుపత్రుల్లో ఎక్కువ రక్తం పోయినవాళ్లలో సగం మందినే గుర్తించగలిగారు, సంచి పరిచిన చోట నూటికి 93 మందిని గుర్తించారు. లీటరు పైన రక్తం పోవడమో, దానికోసం పొట్ట కోయాల్సి రావడమో, చావో, వీటిలో ఏదో ఒకటి జరిగినవాళ్లు నూటికి 4.3 నుంచి 1.6కి తగ్గారు. రెండు లక్షల పైచిలుకు కాన్పుల మీద తేలిన లెక్క ఇది. డ్యూటీలో ఉన్న మంత్రసాని నర్సులు, వాళ్ల మామూలు షిఫ్టులో, మామూలు పేషెంట్ల మధ్య చేసిన పని.

నేను అడిగేది ఇలా రోజువారీ పనిలోనే పరిశోధన చేసే పద్ధతిని. పరిశోధన అనగానే మనవాళ్లకు ఎక్కడో ఏసీ ల్యాబులో తెల్లకోట్లు గుర్తొస్తాయి, లేకపోతే "మా మీద ప్రయోగాలు చేస్తున్నారు" అన్న భయం. ఆ భయం సంగతికి తర్వాత వస్తాను, అది ఉత్తినే పుట్టింది కాదు. రోజూ జరిగే కాన్పుల్లోనే, చేతిలో ఉన్న రెండు పద్ధతుల్లో ఏది మేలో తెలియనప్పుడు, చెప్పి, ఒప్పించి, లెక్క రాసి తేల్చుకోవడం అన్నది మన దగ్గర అలవాటుగా లేదు. తేల్చకుండా ఒక యూనిట్‌లో ఒక మేడం ఒకలా, పక్క యూనిట్‌లో ఇంకొకరు ఇంకోలా చేస్తూ పోతే ఎవరికీ అభ్యంతరం ఉండదు, అనుమతి అక్కర్లేదు, పరిశోధన న్యాయంగా ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ అక్కర్లేదు. తేలుద్దాం అన్నప్పుడు మాత్రం అందరికీ టెన్షన్.

ట్రానెగ్జామిక్ యాసిడ్ కథే తీసుకోండి. జపాన్‌లో పరిశోధకులైన ఒకామోటో దంపతులు 1962లో దాని గురించి ప్రకటించారు. ఆవిడ, ఉతాకో ఒకామోటో, కాన్పులో రక్తం పోయి చచ్చిపోయే తల్లుల కోసమే దీన్ని వాడి చూడమని అక్కడి డాక్టర్లను బతిమాలుకున్నా ఎవరూ ముందుకు రాలేదు. ఎక్కువ నెలసరికి మాత్రలుగా ఏళ్ల తరబడి వాడారు గానీ అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. చివరికి 21 దేశాల్లో 20,060 మంది తల్లుల మీద పరీక్షించి 2017లో తేల్చారు: రక్తం పోవడం మొదలైన మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావంతో చనిపోయేవాళ్లు నూటికి 1.7 నుంచి 1.2కి తగ్గుతారని, ఆలస్యమైతే లాభం ఉండదని. ఆవిడ అంతకు ముందు ఏడాదే చనిపోయారు. మందు పుట్టిన యాభై ఐదేళ్లకు జవాబు వచ్చింది, ఈ లోపు పోయిన తల్లుల లెక్క ఎవరి దగ్గరా లేదు.

1.7 నుంచి 1.2 అంటే ఏముంది అనిపిస్తుంది. అక్కడే ఉంది కిటుకు. ఇంత చిన్న తేడా వంద మందిని చూస్తే కనిపించదు, వెయ్యి మందిని చూసినా నమ్మకంగా చెప్పలేం. మన మెడికల్ కాలేజీల్లో ప్రతి పీజీ థీసిస్ రాయాలి కదా, గైనిక్ పీజీలు ఏటా మా చుట్టూ తిరిగేవాళ్లు, "సిస్టర్, బీపీ కేసులుంటే నా ప్రొఫార్మా నింపరా" అని. పాపం మంచి పిల్లలు, రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున్నే అవి నింపుకునేవాళ్లు. వంద కేసులు అవుతాయి, బౌండు పుస్తకం అవుతుంది, సబ్మిట్ చేస్తారు, లైబ్రరీ బీరువాలో పెడతారు. మూడేళ్లకి ఇంకో పిల్ల దాదాపు అదే టాపిక్ మీద మళ్లీ వంద కేసులు పడుతుంది. రాష్ట్రంలో ఉన్న గైనిక్ పీజీలందరూ ఒక ఏడాది ఒకే ప్రశ్న మీద, ఒకే ప్రొఫార్మాతో పని చేస్తే ఎన్ని వేల కేసులవుతాయో లెక్కేసుకోండి. అదనంగా పైసా ఖర్చు లేదు, ఆ శ్రమ ఎలాగూ జరుగుతోంది. మన ఊళ్లో 1923 నుంచీ ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది, ఆడవాళ్ల కోసమే ఘోషాసుపత్రి ఉంది, శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, సరిహద్దు అవతల ఒడిశా నుంచి కూడా కేసులొస్తాయి. ఇంతమంది తల్లులు ఒకచోటికి వచ్చే ఊళ్లు దేశంలో ఎన్నున్నాయి?

ఇవన్నీ బయటి దేశాల్లో జరిగే పనులు, మనకెక్కడ అంటారేమో. కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెల్లో 1,620 మంది గర్భిణుల మీద జరిగింది ఒక పరిశోధన, 2006లో వచ్చింది. కాన్పు కాగానే రక్తస్రావం తగ్గించే మిసోప్రొస్టాల్ మాత్రలు మింగించింది డాక్టర్లు కాదు, ఏఎన్ఎంలు. నూటికి 12 మందికి ఎక్కువ రక్తం పోయేది 6.4కి తగ్గింది. ఆ రక్తం కొలిచే సంచి కూడా అప్పుడే వాడారు, అంటే మన పక్క రాష్ట్రంలో. ఇంకా దగ్గరిది మహారాష్ట్రలోని గడ్చిరోలి, తెలంగాణకు ఆనుకునే ఉంటుంది, అడవి జిల్లా, అచ్చం మన ఏజెన్సీ లాగే. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడ ఊరి ఆడవాళ్లకు నేర్పించి పుట్టిన బిడ్డల్ని ఇంటి దగ్గరే చూసేలా చేస్తే, నెలలోపు శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయని 1999లో రుజువు చేశారు. ఇవాళ ఆశా వర్కరు మూడో రోజు, ఏడో రోజు అంటూ బాలింత ఇంటికి వచ్చి బిడ్డ బరువు తూస్తోందంటే దాని మూలం అక్కడ ఉంది. ఆ సంగతి మన ఆశా వర్కర్లలో ఎంతమందికి చెప్పారు? చెబితే ఆ రిజిస్టరు రాసే తీరే మారుతుంది.

అన్నీ సత్ఫలితాలే వస్తాయని కాదు. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రుల్లో కాన్పు చెక్‌లిస్టు పెట్టి, దగ్గరుండి నేర్పించి, లక్షన్నరకు పైగా కాన్పుల్ని గమనించారు. నర్సులు చెయ్యాల్సిన పనులు బాగా చేశారు, చేతులు కడిగారు, బిడ్డను తల్లి ఒంటికి ఆనించారు, కానీ తల్లీబిడ్డల మరణాలు మాత్రం తగ్గలేదని 2017లో తేలింది. నిరాశే. అయితే ఆ ముక్క దాచకుండా చెప్పారు కాబట్టి చెక్‌లిస్టు ఒక్కటీ గోడకు అంటించి చేతులు దులుపుకుంటే చాలదని అందరికీ తెలిసింది. మన దగ్గర గోడకు అంటించిన పోస్టర్లలో ఏది పని చేసిందో ఎవరైనా చూశారా అని నా అనుమానం.

ఇప్పుడు భయం సంగతి. 2009లో భద్రాచలం వైపు ఒక అధ్యయనం పేరుతో హాస్టల్ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన వ్యవహారం మనవాళ్లు మర్చిపోలేదు, మర్చిపోకూడదు. టీకా మంచిదా కాదా అన్నది అటుంచండి, కొందరు పిల్లలు చనిపోతే దానికీ టీకాకీ సంబంధం లేదనే విచారణలో అన్నారు. కానీ పిల్లల తల్లిదండ్రుల్ని అడగకుండా హాస్టల్ వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. గిరిజనుల పిల్లలు కాబట్టి అడగక్కర్లేదనుకున్నారు, అంతే. అలాంటిది మళ్లీ జరుగుతుందన్న అనుమానం ఉన్నంతకాలం పరిశోధన అన్న మాట ఎత్తితే జనం లేచి వెళ్లిపోతారు, వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

మామూలు వైద్యంలో మాత్రం అనుమతి ఏ తీరున తీసుకుంటున్నాం? నొప్పులతో వంగిపోయిన అమ్మాయి వేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద అద్ది కాగితం మీద నొక్కిస్తాం. "ఏ ప్రమాదం జరిగినా ఆసుపత్రికి బాధ్యత లేదు" అన్న అర్థం వచ్చే నాలుగు లైన్లుంటాయి దాని మీద. అందులో ఏముందో ఆమెకు తెలీదు, పక్కన నిలబడ్డ మొగుడికి తెలీదు, అది నింపే కుర్రాడికి కూడా అంతంతమాత్రమే. బిడ్డ బయటికి రావడానికి కింద కోత పెట్టేముందు "అమ్మా, కోస్తున్నాం" అని చెప్పినవాళ్లు తక్కువ. ప్రతి కాన్పుకీ కోత పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది, తొలి కాన్పు అంటే చాలు చెయ్యి కత్తెర మీదికి పోతుంది మన దగ్గర. ఇదిగో, దీనికి ఏ కమిటీ అనుమతీ అడగలేదు ఎవరూ. పద్ధతిగా చేసే పరిశోధనలోనే నయం, 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీ ఉండాలి, ముందుగా సీటీఆర్ఐ అనే క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్టరులో నమోదు చెయ్యాలి, ట్రయల్ వల్ల ఏదైనా అయితే వైద్యం, పరిహారం ఇవ్వాలి.

అందుకని అడగడం నొప్పుల టైములో కాకూడదు. ప్రతి నెలా 9వ తేదీన పీహెచ్‌సీల్లో గర్భిణుల చెకప్ ఉంటుంది కదా, గంటల తరబడి బెంచీల మీద కూర్చునే ఉంటారు, అప్పుడు చెప్పండి. ఏం తెలుసుకోవాలనుకుంటున్నామో, ఏ రెండు పద్ధతులో, ఒప్పుకోకపోతే వైద్యంలో వెంట్రుకవాసి తేడా రాదని, మధ్యలో మానెయ్యొచ్చని. అరకు, పాడేరు వైపు నుంచి వచ్చినవాళ్లకు అక్కడి గిరిజన భాషలైన కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో, ఆ భాష ఇంట్లో మాట్లాడే మనిషి చేత. ఆలోచించుకోవడానికి నెల టైముంటుంది, అత్తగారిని అడుగుతుంది, అమ్మని అడుగుతుంది, మళ్లీ 9వ తేదీకి వచ్చి అవుననో కాదనో చెప్తుంది. అప్పుడు వేసిన వేలిముద్రకి విలువుంటుంది.

గర్భిణులు కదా, ఎందుకొచ్చిన గొడవ అని పక్కన పెట్టెయ్యడం వాళ్లకు మేలు చెయ్యడం అనుకుంటారు. కోవిడ్ టీకాల ట్రయల్స్‌లో వాళ్లని చేర్చుకోలేదు. దాంతో 2021 జనవరి 16న టీకాలు మొదలైతే గర్భిణులకు వద్దన్నారు, సమాచారం లేదు కాబట్టి. వెయ్యొచ్చని కేంద్రం చెప్పేసరికి జూలై 2 అయింది. మధ్యలో రెండో వేవ్ వచ్చి వెళ్లింది. ఆ రెండు మూడు నెలలు లేబర్ రూములు ఎలా ఉన్నాయో చేసినవాళ్లకు తెలుసు, రాయడం నా వల్ల కాదు.

ఇంకో సంగతి. ఏ ప్రశ్నకు జవాబు కావాలో తల్లుల్ని కూడా అడగాలి. బ్రిటన్‌లో నెలలు నిండని కాన్పుల మీద ముందు ఏది పరిశోధించాలన్నది డాక్టర్లతో పాటు అలాంటి బిడ్డల్ని కన్న తల్లిదండ్రులు కూర్చుని తేల్చారు, 2014లో. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరిశోధన కోసమే ప్రత్యేకంగా మంత్రసాని నర్సులుంటారు, వార్డులో అందరితో తిరుగుతూ గర్భిణులకు విషయం చెప్పడం, లెక్క రాయడం వాళ్ల ఉద్యోగం. మన తల్లుల్ని అడిగి చూడండి, ఏమంటారో నాకు తెలుసు. ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా వస్తోంది, మలబద్ధకం, మానేస్తున్నాం, ఇంకో దారి లేదా అంటారు. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నదని ఆ 2019-21 సర్వే చెప్తుంటే, మాత్రలు ఇచ్చామని రిజిస్టరులో రాసుకుంటాం గానీ వేసుకున్నారా అన్నది చూడం. బాలింతకి నీళ్లు తక్కువ తాగించి, వెల్లుల్లి కారం అన్నం ఒక్కటే పెట్టే పథ్యం వల్ల పాలకు లాభమా నష్టమా అంటారు. లోపలికి మా అమ్మని రానిస్తారా అంటారు, ఒక తోడుమనిషిని రానివ్వాలని 2016లోనే కేంద్రం చెప్పింది, గుమ్మం దగ్గర వాచ్‌మన్‌కి ఆ సంగతి ఇంకా చేరలేదు.

సిజేరియన్ల మీద ఏటా ఒక వార్త వేస్తారు మీరు, ఆ సర్వే లెక్కన మన రాష్ట్రంలో 42.4 శాతం అని, దేశం సగటు 21.5 అని, ప్రైవేటులో దోపిడీ అని. సరే. కానీ ఎవరికి ఎక్కువ అవుతున్నాయి, తొలి కాన్పుల్లోనా, ముందు ఆపరేషన్ అయినవాళ్లకా, నొప్పులు రప్పించినవాళ్లకా? గర్భిణుల్ని పది గుంపులుగా విడదీసి చూసే పద్ధతి ఉంది, రాబ్సన్ వర్గీకరణ అంటారు, 2015 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరినీ వాడమంటోంది. దానికి కావాల్సిన వివరాలన్నీ కేస్ షీట్లోనే ఉంటాయి, నెలాఖరుకి ఒక మనిషి ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. ఆ కేస్ షీట్లు ప్రస్తుతం ఏం చేస్తున్నాయంటే, పాత బ్యాండేజీ గుడ్డతో మూటకట్టి రికార్డు రూంలో పేర్చి ఉన్నాయి. కేరళలో గైనకాలజిస్టుల సంఘం 2004 నుంచి తల్లుల మరణాల్ని, ఎవరి పేరూ బయటపెట్టకుండా, తప్పెవరిదని కాకుండా ఎందుకు జరిగిందని చర్చించి పుస్తకాలుగా వేస్తోంది. మన దగ్గర కూడా మరణాల సమీక్ష ఉంది, మీటింగు అవుతుంది, సిస్టర్‌కి మెమో వస్తుంది. మెమోకి భయపడే చోట ఎవరు నిజం రాస్తారు చెప్పండి, అందుకే అందరికీ రెండొందల ఎం.ఎల్.

మీరు చెయ్యగలిగిన పని ఒకటుంది. సీటీఆర్ఐ రిజిస్టరు ఎవరైనా చూడొచ్చు, దాపరికం లేదు. మన ఉమ్మడి విశాఖ జిల్లా ఆసుపత్రుల్లో గర్భిణుల మీద, బాలింతల మీద ఏ పరిశోధనలు నమోదై ఉన్నాయో, అవి ఎక్కడిదాకా వచ్చాయో మీ విలేకరి చేత వెతికించి వెయ్యండి. మెడికల్ కాలేజీ వాళ్లని పోయిన పదేళ్ల గైనిక్ థీసిస్‌ల పేర్లు అడగండి, వాటిలో ఒక్కటైనా వార్డులో ఏ పద్ధతినైనా మార్చిందా అని అడగండి. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి (డీఎంహెచ్‌ఓ) గారిని రక్తం కొలిచే సంచులు ఎన్ని లేబర్ రూముల్లో ఉన్నాయని అడగండి. మూడూ ఒకే రోజు వెయ్యక్కర్లేదు. వానాకాలం ఎలాగూ వస్తుంది, డోలీ ఫొటో పక్కన కాస్త జాగా ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
మర్రిపాలెం, విశాఖపట్నం.